పొగ తాగని మనిషి అగ్గిపెట్టెలు

ఆదిలాబాద్ కోర్టు వరండాలో నిలబడి నల్లకోటు గుండీలు పెట్టుకుంటున్నాను. ఆ గుండీలకూ కాజాలకూ కొన్నేళ్లుగా సఖ్యత లేదు. నా పొట్ట మధ్యవర్తిత్వం చేయబోయి రెండింటినీ ఇంకా దూరం చేసింది. ఆ తగాదాలో ఉండగా, కరీంనగర్ వైపు నుంచి వాయిదాకు వచ్చిన కక్షిదారు ఒకాయన నన్ను గుర్తుపట్టి దగ్గరకొచ్చాడు.

"మీ సార్ పోయిండట గదా" అన్నాడు.

నేను అయ్యో అనలేదు. ఎప్పుడు అని కూడా అడగలేదు. నా నోట్లోంచి వచ్చింది ఇది: "ఎవరన్నరు? ఎందుకన్నరు? గిప్పుడే ఎందుకన్నరు?"

ఆ మనిషి నన్ను కిందినుంచి పైదాకా చూశాడు. "ఎందుకంటరు సార్, సచ్చిపోయిండు గాబట్టి అన్నరు" అని, ఈ వకీలుకు కేసు ఇవ్వకపోవడమే మంచిదైందన్నట్టు పక్కకు జరిగాడు.

ఆ ప్రశ్నలు నావి కావు. పోయినాయనవే. లోకం ఏ వార్త మోసుకొచ్చినా ఆయన ఆ మూడు గడపలూ దాటించకుండా లోపలికి రానిచ్చేవాడు కాదు. తన చావు వార్తనూ అదే గడపల దగ్గర ఆపానని తెలిస్తే సంతోషించేవాడు. పూర్తిగా కాదు, సగం. మిగతా సగం సంతోషం నా మీద అనుమానానికి అట్టిపెట్టుకునేవాడు.

ఎనభైల మొదట్లో నేను కరీంనగర్‌లో ఆయన దగ్గర జూనియర్‌ని. సీనియర్ కేసు మోస్తాడు, జూనియర్ కేసు కట్టలు మోస్తాడు. కట్టలు మోయడంలో నాకు జిల్లాలో మంచి పేరే ఉండేది. ఆయనది మంథని. సన్నగా, పొడుగ్గా, మెడ కొంచెం పక్కకు వంచి ఉండేవాడు, గోడకు ఆనుకుని అవతలి గది మాటలు వింటున్నట్టు. ఎదుటివాళ్లు చెప్పేది నమ్మితే కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టుకుంటాడని, నమ్మకపోతే కిందికి దించుకుంటాడని చెప్పుకునేవాళ్లు. నేను చూసినంతకాలం అద్దాలు కిందే ఉన్నాయి. తర్కశాస్త్రంలో అనుమానం ఒక ప్రమాణం అంటారు. మా సార్‌కు అదొక్కటే ప్రమాణం.

ఇంటి ముందుగదే ఆఫీసు. కక్షిదార్లు వచ్చి చెప్పులు వరండాలో విడిచి లోపల బల్ల మీద కూర్చునేవాళ్లు. సార్ మాత్రం లోపలి గదిలోంచి నేరుగా ఆఫీసులోకి వచ్చేవాడు కాదు. పెరటి తలుపు తీసుకుని, ఇంటిని చుట్టి, ముందువైపు వరండాలోకి వచ్చేవాడు. ముందు చెప్పులను చూసేవాడు. ఆ తర్వాతే మనుషులను.

"నోరు చెప్పేది వేరు, చెప్పులు చెప్పేది వేరయ్యా" అనేవాడు నాతో. "మొఖానికి మనం నేర్పిస్తం. చెప్పులకు ఎవడు నేర్పిస్తడు?"

ఒకసారి ఒకాయన బస్సు దొరక్క ఊరినుంచి నడిచొచ్చానని రొప్పుతూ తన గోడు మొదలుపెట్టాడు. సార్ విన్నాడు, తలాడించాడు. చివర్లో, "నడిచి వచ్చినవు గదా, మరి నీ చెప్పుల దుమ్ము ఎక్కడ దిగింది?" అన్నాడు. ఆయన అవతలి పక్షంవాళ్ల జీపులో వచ్చి, మా వీధి మలుపులో దిగి, మా సంగతులు తెలుసుకుపోదామని వచ్చినవాడు. ఆ జీపు సంగతి తేలాక సార్ నావైపు తిరిగి, "చూసినవా" అన్నట్టు కనుబొమ్మ ఎగరేశాడు. అది ఆయన పాఠం చెప్పే పద్ధతి. జీతం ఇచ్చే పద్ధతి కూడా దాదాపు అదే.

కోర్టులో అవతలి వకీలు చాయ్ తెప్పిస్తే వద్దనేవాడు కాదు. మర్యాదగా అందుకునేవాడు. "చల్లగయినంక తాగుత" అని చేతిలో పట్టుకుని మాట్లాడుతూ మాట్లాడుతూ నడిచి, ఆవరణలోని వేపచెట్టు మొదట్లో పోసేవాడు. ఆ వేపచెట్టు అంత ఏపుగా ఎదగడానికి భూమిలో సారం ఒక్కటే కారణం కాదు. ఒకరోజు ధైర్యం చేసి అడిగాను, "చాయ్ల ఏం కలుపుతరు సార్?" అని.

"చాయ్‌ది తప్పు గాదు. చాయ్ తాగుకుంట మాట్లాడుతమే, గది తప్పు. చేతిల కప్పు ఉంటే నోరు వదులైతది."

ఈ మనిషి సీతాఫలాలు కొనే తీరు చూడాలి. బస్టాండు దగ్గర గంప పెట్టుకున్న ఒక అవ్వ దగ్గర ఆగాడొకసారి. వెనక నేను, నా వెనక కట్టలు.

"ఇవి ఏ ఊరివి?"

"మా ఊరియే సారూ."

"మీ ఊరేది?"

"గివి కాసే ఊరు."

సార్ కళ్లద్దాలు సర్దుకున్నాడు. "గీ పండు ఎప్పటికి మెత్తగైతది?"

"రేపటికైతది."

"రేపటికి అయ్యేది ఇయ్యాల ఎందుకు కాలే?"

అవ్వ ఆయన నల్లకోటును ఒకసారి చూసింది. "పండు గూడ నీ లెక్క వాయిదా అడుగుతున్నది. ఓ సారూ, తినేటందుకు అడుగుతున్నవా, జైల్ల ఏసేటందుకు అడుగుతున్నవా?"

ఆయన నవ్వడం నేను చూసిన అరుదైన సందర్భాల్లో అదొకటి. గంపలో ఉన్నవన్నీ కొన్నాడు. దారంతా, "సాక్షి అంటే గట్ల ఉండాలె. అడిగిందానికి జవాబియ్యాలె, అడగనిది అరువియ్యొద్దు" అని మురిసిపోయాడు. ఇంటికెళ్లాక మాత్రం ఒక్కొక్క పండునూ నొక్కి చూసి, అవ్వ చెప్పిన రేపటి మీద అనుమానంతో బియ్యం డబ్బాలో దాచాడు.

ఇక అగ్గిపెట్టెలు.

కక్షిదారు తన కథ చెబుతూ చెబుతూ ఒక చోటికి వస్తాడు. గొంతు తగ్గుతుంది, కుర్చీ ముందుకు జరుగుతుంది. సరిగ్గా అక్కడ సార్ నావైపు తిరిగి, "జర అగ్గిపెట్టె పట్టుకరాపో" అనేవాడు. నేను మెట్లు దిగేలోపే వెనక తలుపు చేరవేసిన చప్పుడు వినబడేది. వీధి చివర మొగిలి పాన్ డబ్బా. వెళ్లి తెచ్చేసరికి తలుపు మళ్లీ తెరిచి ఉండేది, కక్షిదారు దండం పెట్టి లేస్తుండేవాడు. అగ్గిపెట్టె సార్ సొరుగులోకి వెళ్లేది.

సార్ బీడీ తాగడు, సిగరెట్ తాగడు, చుట్ట వాసన వస్తే ముక్కు మూసుకుంటాడు. అయినా నాకు తట్టింది ఒకటే: చాటుగా తాగుతున్నాడు. అనుమానం నేర్పిన గురువు మీదే నా తొలి అనుమానం. అందుకని వెళ్లిన ప్రతిసారీ ఉరుకుల మీద వచ్చేవాణ్ణి, పొగ ఆరకముందే పట్టుకుందామని. గుమ్మంలో నిలబడి ముక్కెగరేసేవాణ్ణి. కక్షిదారు చెమట వాసన తప్ప ఏమీ తగిలేది కాదు.

"మీ సార్ ఇల్లు తగలవెడ్తడా ఏందన్నా?" అని అడిగేవాడు మొగిలి. "గిన్ని పెట్టెలు మా హోటలాయన గూడ కొనడు."

"పెద్ద మనిషి, ఏదో అలవాటు" అని నేను సార్ పరువు కాపాడేవాణ్ణి.

ఆ రోజుల్లో మా దగ్గరకు రాజవ్వ కేసు వచ్చింది. చొప్పదండి అవతల చిన్న పల్లె ఆమెది. మొగుడు మస్కట్‌లో ఉన్నాడు. రోడ్డు పక్కన వాళ్లకు కొంత మెట్ట చెలక ఉంది. దాని పక్కనే ఒక సేటు బియ్యం మిల్లు. మిల్లును ఇంకాస్త చాపుకోవాలని సేటు హద్దురాయిని రాజవ్వ చెలకలోకి జరిపించి, రాయి ఎప్పటినుంచో అక్కడే ఉందని దావా వేశాడు. రాయి నోరు విప్పదు. అది మొదట ఎక్కడ పాతారో చూసిన మనిషి కావాలి. ఊళ్లో ఎవరిని అడిగినా, "మాకేమెర్క" అన్నారట. సేటు మిల్లులో అందరికీ ఏదో ఒక అవసరం ఉంది మరి.

రాజవ్వ వచ్చినప్పుడల్లా సార్‌కు అగ్గిపెట్టెల అవసరం విపరీతంగా పెరిగేది.

సరిగ్గా అప్పుడే నాకొక ఉద్యోగం వచ్చింది. ఇచ్చింది ఆ సేటే.

కబురు తెచ్చింది ఆయన గుమాస్తా. సైకిలు మీద వచ్చి, కోర్టు గేటు దగ్గర నన్ను పక్కకు పిలిచి, "తమ్మీ, మా సేటుకు కంపెనీ వకీలు గావాల్నట. నీ పేరు అనుకుంటుండు. ఆయితారం మిల్లుకు రా" అన్నాడు. నెలనెలా జీతం, ఉండటానికి మిల్లు క్వార్టరు. కనుబొమ్మ ఎగరేతల మీద బతుకుతున్నవాడికి అది మామూలు మాట కాదు. చొప్పదండిలో మా బాపు కౌలు పొలం వదిలేయాలని రెండు పంటకార్లుగా అనుకుంటున్నాడు, నా ఉద్యోగం కోసం ఆగాడు. నాకు అనుకున్న సంబంధంవాళ్లు, "పిలగాడు వకీలే గని, వకాల్తీ నడుస్తదా?" అని అడిగి ఆగారు. మా ఇంట్లో అన్నీ వాయిదాల్లోనే ఉన్నాయి.

కానీ రాజవ్వ వకాలత్‌లో సార్ పేరు కింద నా పేరూ ఉంది, చిన్న అక్షరాల్లో. ఆమె కేసు నడుస్తుండగా ఆమె ఎదిరి దగ్గర జీతానికి కుదరొచ్చా? రాత్రంతా నాకు నేనే వాదించుకున్నాను. కేసు సార్‌ది, నేను కట్టలు మోసేవాణ్ణి. చిన్న అక్షరాలకు అంత పెద్ద నీతి ఎందుకు? అవతలి పక్షం కూడా నేనే కాబట్టి కేసు సులువుగా గెలిచాను. సార్‌తో చెప్పకుండా వెళ్లాను.

సేటు నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, "ఆ రాజవ్వ కేసుతోని నీకేం పని లేదు, అది వేరే వకీలు చూస్తడు. నువ్వు మా కొత్త పనులు చూసుకో" అన్నాడు. నా మనసులో ఉన్న ముల్లు ఆయనే తీసి పారేశాడు. భుజం మీద చెయ్యేసి, "ఒకటో తారీకు నుంచి వచ్చి కూసో" అన్నాడు. సకినాలు వచ్చాయి, చాయ్ వచ్చింది. కప్పు చేతిలోకి తీసుకున్నాను.

"ఇంతకు మీ సార్ సాక్షిగ ఎవర్ని పట్టుకొస్తుండో?" అన్నాడు సేటు, సకినం విరుస్తూ. "ఊర్కెనే అడుగుతున్న."

"నాకు తెల్వదు."

"గింత దగ్గరుండి తెల్వదా?"

"నిజంగనే తెల్వదు సేటూ."

సేటు నన్ను కాసేపు చూసి నవ్వాడు. "మంచిది. గట్లనే ఉండాలె. గుట్టు దాచెటోడే మాకు గావాలె."

పరీక్ష పెట్టాడు, నేను నెగ్గాను అనుకున్నాను. మిల్లు ఆవరణలోంచి బయటికొస్తుంటే ఎంత నిటారుగా నడిచానంటే, కింద ఏం తొక్కుతున్నానో చూసుకోలేదు. చొప్పదండి పోయి చెప్పాను. మా అవ్వ వాడకట్టంతా చక్కెర పంచింది. బాపు ఆ సాయంత్రమే పట్టాదారు దగ్గరకు పోయి, వచ్చే కారుకు కౌలు వద్దని చెప్పి వచ్చాడు.

మర్నాడు పొద్దున సార్ అలవాటు ప్రకారం ఇల్లు చుట్టి వరండాలోకి వచ్చాడు. చెప్పుల దగ్గర ఆగాడు. ఆ వేళకు అక్కడ ఒక్క జతే ఉంది, నాది. ఎడమ చెప్పు తోలు వారు తెగితే మాదిగాయన ఎర్ర దారంతో కుట్టాడు. వేరేవాళ్లవని బుకాయించే అవకాశం లేదు. అడుగున అంచులంట సన్నటి పొడి పట్టి ఉంది.

"తవుడు" అన్నాడు.

నేను కట్టల దారాలు బిగించడంలో పడ్డాను.

"తవుడు మంచిదే. బర్లు పాలు బాగిస్తయి" అని లోపలికి పోయాడు.

ఆ పూట రాజవ్వ వచ్చింది. కూర్చుందో లేదో, "అగ్గిపెట్టె" అన్నాడు సార్.

"పొద్దుగాలనే తెచ్చిన గద సార్."

"ఇంకోటి తే."

ఆ వారం తిరగకముందే గుమాస్తా మళ్లీ వచ్చాడు. ఈసారి సైకిలు దిగలేదు, ఒక కాలు నేల మీద ఆనించి నిలబడ్డాడు.

"తమ్మీ, సేటు జర ఆగుమన్నడు."

"జర అంటే ఎన్నొద్దులు?"

"జర అంటే జర."

"ఎందుకన్నా? రమ్మన్నది ఆయనే గదా, మా బాపు కౌలు గూడ ఇడిసిపెట్టిండు."

"నాకేమెర్క? పోయి మీ సార్‌ను అడుగు" అని పెడల్ తొక్కాడు.

మావైపు ఉద్యోగం ఇవ్వనని ఎవరూ అనరు. జర ఆగమంటారు. ఆ 'జర' ఇప్పటికీ పూర్తి కాలేదు. లెక్క ప్రకారం నేను ఇంకా ఆ మిల్లులో చేరబోతూనే ఉన్నాను.

పోయి మీ సార్‌ను అడుగు. ఆ మాట ముల్లులా దిగింది. సార్‌కు తవుడు తెలుసు. సార్ సేటు దగ్గరకు పోయి ఉంటాడు. మా జూనియర్‌ను లాక్కుంటే కోర్టులో చెబుతానని బెదిరించి ఉంటాడు. లేదా నా గురించి ఏదో చెడుగా చెప్పి ఉంటాడు. అడుగుదామంటే, నేను పోయినట్టు ముందు నేనే ఒప్పుకోవాలి. అందుకని అడగలేదు. ఆయన నేర్పిన పనే మొదలుపెట్టాను: ఆయన చెప్పులు చదవడం.

కొన్ని రోజులు ఏమీ దొరకలేదు. ఒక సాయంత్రం దొరికింది. సార్ చెప్పుల మీద తెల్లటి పొడి, వేళ్ల గుర్తుల మధ్య చక్కగా పేరుకుని ఉంది. వంగి వేలితో తీసి చూశాను. తవుడా, సున్నమా తేల్చుకోలేకపోయాను. నాలుకకు రాసుకుని చూద్దామని కూడా ఆలోచించాను. లా చదివినవాడు గురువు చెప్పులు నాకడం ఏ వృత్తి మర్యాద కిందికి వస్తుందో తెలియక మానుకున్నాను. ఆ పొడి తవుడేనని నాలో నేనే తీర్పు ఇచ్చేసుకున్నాను. దాని మీద అప్పీలు లేదు.

బాపు వదిలేసిన కౌలు వేరేవాళ్లకు పోయింది. ఆ ఏడు ఆయన కూలికి పోయాడు. సంబంధంవాళ్లు నిజంగానే ఆగారు, మరొకరి ఇంట్లో. నేను మాత్రం కట్టలు మోస్తూనే ఉన్నాను. సార్ అగ్గిపెట్టె అన్నప్పుడల్లా నా నడక మాత్రం ఇంకా వేగంగా అయింది. ఇప్పుడు పట్టుకోవాల్సింది పొగను కాదు, ఆయన్నే.

రాజవ్వ కేసు విచారణకు వచ్చినరోజు సార్ లేచి తన సాక్షిని పిలిచాడు. కట్టె ఊతతో ఒక ముసలాయన లోపలికి వచ్చాడు. ఒకప్పుడు ఆ ఊరి సుంకరి, పట్వారీ వెంట తిరిగి హద్దులు చూసినవాడు. పని మానేసి చాలాకాలంగా ఖానాపూర్‌లో బిడ్డ ఇంట్లో ఉంటున్నాడు. ఊరు ఆయన్ను మర్చిపోయింది, సేటు ఆయన్ను ఎప్పుడో చనిపోయాడనుకున్నాడు. హద్దురాయి పాతినప్పుడు గుంత తవ్వింది తానేనని, రాయి కింద బొగ్గు, చిల్ల పెంకులు వేశారని, అవి ఇప్పటికీ అక్కడే ఉండాలని ఆయన నిదానంగా చెప్పాడు. అడిగినదానికి జవాబిచ్చాడు, అడగనిది అరువివ్వలేదు. సేటు వకీలు గడువు కావాలని లేచాడు. ఆ తర్వాత తవ్వించి చూస్తే, రాజవ్వ చూపించిన చోటే బొగ్గు బయటపడింది.

చెలక రాజవ్వకు దక్కింది. కోర్టు మెట్ల మీద ఆమె సార్ కాళ్లకు దండం పెట్టి, పక్కనే ఉన్నాను కదా అని నాకూ పెట్టింది. నేను వెనక్కి జరిగాను.

ఇంటికి వస్తూ అడిగాను. "సార్, సుంకరి సంగతి నాకెందుకు చెప్పలే?"

"నువ్వు అడగలే."

"అడిగితే చెప్పేటోళ్లా?"

"అడిగితే, ఎందుకడిగినవని అడిగేటోణ్ణి."

అప్పుడు అర్థమైంది అగ్గిపెట్టెల సంగతి. ఇన్నాళ్లూ నేను తెచ్చింది అగ్గిపెట్టెలు కాదు, నా గైర్హాజరు. ఉద్యోగం చెడగొట్టినవాడు, పైగా నమ్మనివాడు. ఒక మనిషిని వదిలి వెళ్లడానికి ఒక్క కారణం చాలు, నాకు రెండు దొరికాయి. ఆదిలాబాద్‌లో తెలిసినాయన ఒకరు రమ్మంటే, అక్కడికి మకాం మార్చుకుంటున్నానని చెప్పాను. సార్ ఎందుకని అడగలేదు. ఆయన ఎందుకని అడగని సంగతి నాకు తెలిసి అదొక్కటే. వరండాదాకా వచ్చి నా చెప్పుల వైపు చూశాడు.

"అవి మార్చు. అక్కడంత నల్లరేగడి. పట్టుకుంటే ఇడువది."

అంతే. మళ్లీ ఆయన్ను చూసింది ఫోటోలోనే, దినాలనాడు.

వార్త నిజమేనని ఇంకో ఇద్దరి నోట విన్నాక బస్సెక్కాను. వరండాలో చెప్పులు కుప్పగా పడి ఉన్నాయి. చదివేవాడు లేక ఒకదాని మీద ఒకటి ఇష్టమొచ్చినట్టు పడుకున్నాయి. ముందుగదిలో గోడకు ఆనుకుని ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేవబోయాడు. సేటు గుమాస్తా. ఒకప్పుడు 'తమ్మీ' అన్నవాడు, ఇప్పుడు 'వకీలు సాబ్' అన్నాడు. సేటు కూడా పోయాడట, మిల్లు అమ్మేశారట.

"ఒక్క మాట చెప్పాల్నని మస్తు రోజులాయె సాబ్" అన్నాడు నన్ను పక్కకు జరిపి. "మీ సార్ మా మిల్లు గడప తొక్కలే. మా సేటు నిన్ను నౌకరికి పిలిచిందే లేదు. సాక్షి పేరు కోసం పిలిచిండు. నీకు తెల్వదని తెలిసినంక నీతోని ఏం పని ఆయనకు? నువ్వు అటు పోంగనే 'వీనికేం తెల్వదు, వట్టి డబ్బా' అన్నడు."

"మరి సార్‌ను అడుగుమంటివి గదా?"

"మరి నేనేం జెప్పాలె? నువ్వు మొఖం గట్ల పెట్టి నిలవడితివి. మీ బాపు కౌలు ఇడిసిండంటివి. నా మీదికి రావొద్దని ఆయన మీదికి తోసిన."

నేను నెగ్గాననుకున్న పరీక్షలోనే తప్పాను. గుట్టు దాచినందుకు మెచ్చుకున్నాడనుకున్నాను. దాచడానికి నా దగ్గర గుట్టే లేదని చులకన చేశాడు.

వెంటనే పాత చదువు లేచి కూర్చుంది. ఎవరన్నరు? గుమాస్తా. ఎందుకన్నడు? గిప్పుడే ఎందుకన్నడు? ఆ ప్రశ్న నా మొహంలో కనబడిందేమో, ఆయనే చేతులు నలుపుకుంటూ, "నాకు గూడ అటు ఆదిలాబాద్ దిక్కు చిన్న భూమి పంచాయితి ఉన్నది సాబ్. మీరు జర చూడాలె" అన్నాడు. అదిగో. నిజం కూడా ఏదో పని మీదే వస్తుంది. అలాగని అబద్ధమైపోదు. సార్ ఉంటే ఏమనేవాడో తెలియదు గానీ, గుమాస్తా చెప్పుల వంక ఒకసారి చూసివచ్చేవాడు.

లోపలికి వెళ్లాను. సార్ భార్య, మేమంతా అమ్మా అని పిలిచేవాళ్లం, తలుపు పక్కన చాప మీద ఉంది. నన్ను చూసి కొంగు సర్దుకుంది.

"వచ్చినవా బిడ్డా. నువ్వు పోయినంక ఆయన ఇంకొకర్ని పెట్టుకోలే. ఎవర్ని చూసినా అనుమానమేనాయె."

"నా మీద లేదా అమ్మా?" అన్నాను, నవ్వు తెచ్చుకుని. "నన్ను అగ్గిపెట్టెలకు పంపి తలుపేసుకునేటోడు గదా."

"నువ్వు తెచ్చిన పెట్టెలు మాకు ఏండ్లకేండ్లు వచ్చినయి బిడ్డా. పొయ్యికాడ గవ్వే, దేవునికాడ గవ్వే." ఆమె కూడా కొంచెం నవ్వింది. "నేనూ అడిగిన, పిలగాణ్ణి ఎండల ఎందుకు తిప్పుతున్నవని. 'వాడు మంచోడే. తెలిసినోణ్ణి ఎవడన్న ఒకడు అడుగుతడు. తెల్వనోణ్ణి అడిగి ఏం లాభం? వానికెందుకు పరేషాన్' అన్నడు."

కాసేపటికి, ఇక దాచి లాభం లేదని, ఆ తెల్ల పొడి గురించి కూడా అడిగాను. సార్ చెప్పుల మీద ఎక్కడిది అని.

"పిండి గిర్నిది" అంది అమ్మ, అదేం ప్రశ్న అన్నట్టు. "నా జొన్నలు మరకు ఆయనే తీస్కపోతుండె. గిర్నోడు పిండి తక్కువ జేస్తడని అనుమానం. మర ఆగేదాక పక్కనే నిలవడుతుండె. ఇంటికొచ్చేసరికి నెత్తి నుంచి కాళ్లదాక పిండే."

జొన్నపిండి. ఆ పిండి మీద నేను ఒక మనిషికి శిక్ష వేశాను.

కానీ పూర్తిగా తప్పు శిక్ష కూడా కాదేమో అని, వకీలు బుద్ధి కదా, ఇంకో పక్షం వాదన మొదలైంది. నా ఉద్యోగం పోగొట్టింది ఆయనే. నోరు విప్పి కాదు, విప్పక. ఆ ముసలి సుంకరి పేరు నాకు చెప్పి ఉంటే, నేను దాన్ని సేటుకు చెప్పి ఉంటే, ఇవాళ ఆ మిల్లు క్వార్టర్లో ఉండేవాణ్ణి. బాపు కూలికి పోయేవాడు కాదు. రాజవ్వ చెలకలో తవుడు ఎండేది. చెప్పి ఉండేవాణ్ణా? ఆ ఆదివారం గుర్తుచేసుకున్నాను. చేతిలో కప్పు ఉంది. నోట్లో సకినం ఉంది. భుజం మీద సేటు చెయ్యి ఉంది. ఆ పేరు కూడా నా నోట్లోనే ఉండి ఉంటే, ఏది లోపలికి పోయేదో, ఏది బయటికొచ్చేదో నాకు తెలియదు. సేటుకు ఆ రోజు చెప్పిన జవాబే ఇవాళ నాకూ చెప్పుకోవాలి: నిజంగనే తెల్వదు.

సార్‌కు తెలుసా? నమ్మక పంపాడా, నమ్మి కాపాడడానికి పంపాడా? వాడు మంచోడే అన్నాడని అమ్మ అంటోంది. ఎవరన్నరు? అమ్మ. ఎందుకన్నది? పరామర్శకు వచ్చినవాణ్ణి ఉత్తచేతులతో పంపలేక కావచ్చు. ఇప్పుడే ఎందుకన్నది? అక్కడ ఆగిపోయాను. ఇప్పుడు కాక ఇంకెప్పుడు అంటుంది?

ఫోటో ముందు దీపం పెట్టే వేళయింది. వత్తి తడిపారు, నూనె పోశారు. మంత్రాలు చదువుతున్న అయ్యగారు చెయ్యి చాచాడు. అమ్మ దేవుడి గూట్లో వెతికింది, పొయ్యి దగ్గర వెతికించింది. నావైపు చూసింది.

"ఇంట్ల అగ్గిపెట్టె లేదు బిడ్డా. జర పట్టుకరాపో."

ఆ గదిలో గుమాస్తా ఉన్నాడు, మంథని చుట్టాలు ఉన్నారు, ఫోటోలో కళ్లద్దాలు దించుకుని ఆయన ఉన్నాడు. లేచాను. వరండాలో ఆ కుప్పలోంచి నా చెప్పులు ఏరుకున్నాను. మెట్లు దిగుతుంటే వెనక తలుపు చేరవేసిన చప్పుడు వినబడింది.

గాలికే అయి ఉంటుంది.

వెనక్కి తిరిగి చూడలేదు. వాళ్లు మాట్లాడుకునేది ఏదైనా ఉంటే మాట్లాడుకోనీ అని, మొగిలి డబ్బా వైపు నిదానంగా నడిచాను.